మట్టిని విడువని నిరీక్షణ

(ఉత్తర తెలంగాణ పల్లె సంఘాల తొలి తరం ఉపదేశుల, బైబిల్ స్త్రీల జ్ఞాపకార్థం కరీంనగర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసం అంటే దానికొక పేరుంటుంది, గోడ మీద దండ వేసిన ఫొటో ఉంటుంది. ఈ ఉపన్యాసానికి ఆ రెండూ లేవు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మొదటి సంఘాలను నిలబెట్టిన ఉపదేశులను, ఇంటింటా వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీలను తలుచుకోవడానికి కూడుకున్నాం. మిషనరీల పేర్లు పుస్తకాలకెక్కాయి, బడులకు, ఆసుపత్రులకు పెట్టారు. వాళ్ల వెంట వాగులు దాటి, జ్వరాలకు ఓర్చి, రాత్రి పూట లాంతరు పెట్టుకుని వాడల్లో పాటలు నేర్పినవాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా లేవు. వాళ్లను పాతిపెట్టిన చోట రాయి కూడా లేదు. అందువల్ల ఈ రోజు ఏ విషయం మీద మాట్లాడాలా అని వెతుక్కునే పని నాకు పడలేదు. పేరు లేని సమాధుల ముందు నిలబడి ధైర్యంగా మాట్లాడదగిన సంగతి మన విశ్వాసంలో ఒకటుంది. అది మృతుల పునరుత్థానం.

నేను చెప్పదలచుకున్నది క్లుప్తంగా ముందే చెబుతాను. దేవుడు మనిషి దేహాన్ని, ఆ దేహం నడిచిన నేలను విడిచిపెట్టడని చెప్పే విశ్వాసం పునరుత్థానం. దాన్ని నిజంగా నమ్మినవాళ్లు సాటి మనిషి దేహాన్ని చూసే తీరు మారుతుంది. జబ్బుపడిన దేహం, ఆకలిగొన్న దేహం, చివరికి పెట్టెలో తిరిగొచ్చిన దేహం, అన్నీ వాళ్లకు పవిత్రమవుతాయి. మన పెద్దల కాలంలో ఆ మార్పు కనబడింది. మన కాలంలో అది ఎంత కనబడుతోందో మనం విచారించుకోవాలి.

గోదావరి ఒడ్డున పాత ప్రశ్న

చావును గురించిన ప్రశ్న ఈ ప్రాంతానికి సువార్తతో పాటు రాలేదు. అంతకు ఎంతో ముందు నుంచే అది గోదావరి ఒడ్డున ఉంది. ధర్మపురి నరసింహస్వామి సన్నిధిలో యమధర్మరాజుకు గుడి ఉంది. ధర్మపురికి వచ్చినవాళ్లకు యమపురి బాధ ఉండదని జనం నమ్మిక. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాలుడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. బతుకమ్మ మొదలయ్యే పెత్రామాస నాడు తెలంగాణ ఇళ్లలో పెద్దలకు బియ్యమిస్తారు, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటారు. ఆదిలాబాద్ గోండులు చనిపోయినవాళ్లను తమ వంశపు దైవమైన పెర్సా పేన్‌తో కలిపే కర్మ చేస్తారు. 1940ల్లో వాళ్ల మధ్య ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ దాన్ని వివరంగా రాశాడు. పోయినవాళ్లను మరిచిపోకూడదన్న పట్టుదల ఈ నేల మీద అందరిలోనూ ఉంది.

ఇలాంటి నేల మీదికి 19వ శతాబ్దం చివర వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాద్ మీదుగా వచ్చారు. వాళ్ల తొలి కేంద్రాల్లో కరీంనగర్ ఒకటి. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ మెథడిస్టు సంఘాలు అందులో కలిశాయి. 1978లో కరీంనగర్ డయోసిస్ ఏర్పడింది. కతోలిక విశ్వాసులకు 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. ఈ సంస్థల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక దాన్ని ఇక్కడితో వదిలి, ఆ సువార్తను మొదట విన్నవాళ్లెవరో, విన్నప్పుడు వాళ్ల బతుకు ఎలా ఉందో చూద్దాం.

చావు కబురు మోసినవాళ్లు

విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్లు. నిజాం రాజ్యంలో వెట్టి కింద వాళ్లు చేయవలసిన పనుల్లో కబుర్లు మోయడం ఒకటి. దొర ఇంట్లోనో, పటేలు ఇంట్లోనో ఎవరైనా పోతే, ఎండయినా వానయినా పొరుగూళ్లకు నడిచి చావు కబురు చెప్పి రావలసింది వాళ్లే. డప్పు కొట్టేది, గుంత తవ్వేది, కట్టెలు మోసేది వాళ్లే. ఆ పనికి కూలి లేదు, కాదనే వీలు లేదు. తమ ఇంట్లో మనిషి పోయిన రోజున కూడా దొర పని ఆగేది కాదు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం ఈ వెట్టి మీదనే తిరగబడింది.

తరతరాలుగా ఇతరుల చావు కబుర్లు మోసిన మనుషుల చేతికి ఒక బతుకు కబురు వచ్చింది. ఒకాయనను అధికారులు అన్యాయంగా చంపారు, ఊరి బయట చంపారు, అరువు సమాధిలో పెట్టారు, దేవుడు ఆయనను లేపాడు. ఈ మాట వాడలో ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి. ఊరి బయట బతికేవాళ్లకు ఊరి బయట చనిపోయిన దేవుడు పరాయివాడు కాడు. పెద్దలు తీర్పు తీర్చి, ముద్ర వేసి, కావలి పెట్టి మూసేసిన రాయిని దేవుడు తీసేశాడన్న మాట, దొర మాటే చివరి మాటగా బతికినవాళ్లకు మామూలు మాట కాదు. వాళ్లు దాన్ని విని ఇంట్లో దాచుకోలేదు. కబురు మోయడం వాళ్లకు తెలిసిన పని. ఇంతకాలం భయంతో మోసినవాళ్లు ఇప్పుడు సంతోషంతో మోశారు. మిషనరీలు ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే రాగలిగిన ఊళ్లలో సంఘాలు పుట్టడానికి కారణం ఇదే. చుట్టాలున్న ప్రతి ఊరికీ ఆ మాట చుట్టరికం దారినే వెళ్లింది.

సువార్తల్లో కూడా అలాగే జరిగింది. నాలుగు సువార్తలూ ఖాళీ సమాధి దగ్గర మొదట స్త్రీలనే నిలబెడతాయి. ఆ రోజుల్లో స్త్రీ సాక్ష్యానికి పెద్దగా విలువ లేదు. వాళ్లు పరుగెత్తుకెళ్లి చెబితే అపొస్తలులు పిచ్చి మాటలనుకున్నారని లూకా దాచకుండా రాశాడు. ఇంకొకటి గమనించండి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో, లేచిన ప్రభువు ఎవరెవరికి కనబడ్డాడో వరుసగా చెప్పాడు. కేఫా ఉన్నాడు, పన్నెండుగురు ఉన్నారు, ఐదు వందల మందికి పైగా సహోదరులున్నారు, యాకోబు ఉన్నాడు, చివర తానున్నాడు. ఆ వరుసలో ఒక్క స్త్రీ పేరు లేదు. జాబితాలో తప్పిపోయిన ఆ పేర్లను సువార్తలు తిరిగి నిలబెట్టాయి. యోహాను 20వ అధ్యాయంలో మగ్దలేనే మరియ లేచిన ప్రభువును తోటమాలి అనుకుంటుంది. ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచాక గుర్తుపడుతుంది. మన బైబిల్ స్త్రీల పేర్లు నివేదికల్లో లేవని బాధపడేవాళ్లకు ఇదే నా జవాబు. లేపేవాడికి పేర్లు తెలుసు. అయితే ఆయనకు తెలుసు కదా అని మనం ఊరుకోకూడదు. ఆ సంగతి చివర చెబుతాను.

లేఖనం చెప్పేది

పౌలు ఆ పత్రిక రాసింది క్రీ.శ. 55 ప్రాంతంలో. సిలువ సంగతి జరిగి అప్పటికి పాతికేళ్లు. ఆ ఐదు వందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని ఆయన రాశాడు. వెళ్లి అడగండి అన్నట్టే ఉంటుంది ఆ మాట. కొరింథు సంఘంలో కొందరు యేసు లేచాడని ఒప్పుకుంటూనే, చనిపోయిన మనుషులు లేవడం ఏమిటని అడిగారు. ఆత్మ బయటపడితే చాలు, ఈ మట్టి దేహం ఎందుకని వాళ్ల ఉద్దేశం. పౌలు దానికి ఒప్పుకోలేదు. మృతులు లేవకపోతే క్రీస్తు కూడా లేవలేదు, క్రీస్తు లేవకపోతే మన విశ్వాసం వ్యర్థమని తెగేసి చెప్పాడు.

ఈనాటికీ మన సంఘాల్లో చాలామంది నమ్మకం కొరింథు వాళ్లదే. మనిషి పోతే ఆత్మ పరలోకానికి వెళ్లింది, ఇక్కడితో అయిపోయింది అనుకుంటాం. 1955లో ఆస్కార్ కుల్‌మన్ అనే పండితుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ తేడాను గట్టిగా చూపించాడు. ఆత్మకు సహజంగానే చావు లేదన్నది గ్రీకు తత్వవేత్తల నమ్మకం, మృతులను దేవుడు లేపుతాడన్నది అపొస్తలుల నమ్మకం అన్నాడు. సోక్రటీసు విషాన్ని ప్రశాంతంగా తాగాడు, ఎందుకంటే ఆయనకు చావు స్నేహితుడు. యేసు గెత్సేమనే తోటలో వణికాడు, ఎందుకంటే ఆయనకు చావు శత్రువు. కుల్‌మన్ వాదంతో అందరూ పూర్తిగా ఏకీభవించలేదు. కానీ మనం ప్రతి ఆదివారం నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణం ఆయన వైపే ఉంది. ఆత్మ అమరమని అందులో లేదు, శరీరం తిరిగి లేస్తుందని ఉంది. క్రీ.శ. 325లో నికయ సభలో మొదలై రూపుదిద్దుకున్న ప్రమాణం కూడా మృతుల పునరుత్థానం కోసం ఎదురుచూస్తూనే ముగుస్తుంది.

ఎలాంటి దేహంతో లేస్తారని అడిగినవాళ్లకు పౌలు విత్తనాన్ని చూపించాడు. ఇది మన రైతులకు విడమరిచి చెప్పనక్కరలేని మాట. జమ్మికుంట, హుజూరాబాద్ వైపు వరి విత్తనం పండించే వాళ్లను అడగండి. వేసింది ఒక గింజ, వచ్చింది గొలుసు. రెండూ ఒకటి కావు, అలాగని వేరూ కావు. గింజలో లేనిది గొలుసులోకి రాదు. మనం పాతిపెట్టే దేహానికీ, దేవుడు లేపే దేహానికీ మధ్య ఉన్న సంబంధం అదేనని పౌలు అన్నాడు.

లేచిన ప్రభువు దేహాన్ని సువార్తలు ఎలా చూపించాయో గుర్తు చేసుకోండి. ఎమ్మాయు ఊళ్లో రొట్టె విరిచాడు. తిబెరియ సముద్రం ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వలలు వేసి అలిసిన వాళ్లను తినమని పిలిచాడు. తోమాకు గాయాలు చూపించాడు. ఆ గాయాలు మాయలేదు. మహిమలోకి వెళ్లిన దేహంలో కూడా మేకుల గుర్తులున్నాయి. అంటే మనిషి పడిన కష్టాన్ని దేవుడు తుడిచేసి లేపడు. ఆ కష్టాన్ని గౌరవించి లేపుతాడు. కాయలు కాచిన చేతులు, బీడీలు చుట్టి అరిగిన వేళ్లు, బొగ్గు దుమ్ముతో చెడిన ఊపిరితిత్తులు, వీటికి లెక్క ఉంది.

డిచ్‌పల్లి, మెదక్

ఈ నమ్మకం ఎలాంటి పనిగా మారిందో చూడటానికి దూరం పోనక్కరలేదు. పక్కనే నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఉంది. అబర్డీన్‌లో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో ఈ ప్రాంతానికి వచ్చారు. కుష్ఠు వచ్చిన మనిషిని ఇంటి నుంచి, ఊరి నుంచి వెళ్లగొట్టే కాలం అది. ఊపిరి ఉండగానే మనిషిని చచ్చినవాడి కింద జమకట్టేవాళ్లు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత దానికి లక్ష రూపాయలు ఇచ్చాడు. చాల్‌ముగ్ర నూనె ఇంజెక్షన్లతో అక్కడ వైద్యం చేశారు. ఆ రోజుల్లో లక్ష రూపాయలు, ఆ రోగులను తాకిన చేతులు, ఏది పెద్దదో చెప్పడం కష్టం. ఇసబెల్ కెర్ 1932లో కన్నుమూశారు. సల్ఫోన్ మందులు, ఆ తర్వాత 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స వచ్చి కుష్ఠును పూర్తిగా నయమయ్యే జబ్బుగా మార్చాయి. మందు పూర్తిగా పనిచేయని రోజుల్లో కూడా ఆ రోగులను కడిగి, కట్టుకట్టి, అన్నం పెట్టి, పని నేర్పినవాళ్లను నిలబెట్టింది ఏమిటి? దేహం వదిలేయదగినది కాదన్న నమ్మకమే.

ఈ రోజు కొందరు బోధకులు మందులు మానేసి ప్రార్థన ఒక్కటే చేయమని చెబుతున్నారు. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, చివరికి టీబీ మాత్రలు కూడా ఆపించిన సంగతులు మనందరికీ తెలుసు. అది విశ్వాసం పేరుతో జరిగే హాని. పునరుత్థానాన్ని నమ్మినవాళ్లే ఈ నేల మీద ఆసుపత్రులు కట్టారు. ప్రార్థన చేయండి, మాత్ర వేసుకోండి. రెండూ ఒకే దేవుడి కృపలోవే.

మెదక్ కెథడ్రల్‌ను మీరు చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కరువు కాలంలో జనానికి పని, తిండి దొరికేలా కట్టించాడు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. లోపల మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలున్నాయి. ఒక పక్క క్రీస్తు జననం, మరో పక్క సిలువ, బలిపీఠం వెనుక ఆరోహణం. సమాధిలో నుంచి లేచే క్షణానికి కిటికీ లేదు. సువార్తల్లో కూడా ఆ క్షణాన్ని కళ్లారా చూసినవాళ్లెవరూ లేరు. రాయి దొర్లిపోయాక వచ్చినవాళ్లే ఉన్నారు, ఆయన్ను కలుసుకున్నవాళ్లే ఉన్నారు. కరువులో రాళ్లు మోసి పూట గడుపుకున్న కూలీలు కట్టిన ఆ గుడిలో, సిలువకూ ఆరోహణానికీ నడుమ నిలబడేది సంఘమే. పునరుత్థానానికి సాక్ష్యం అక్కడ కూర్చున్న మనుషుల బతుకులో కనబడాలి, లేకపోతే ఎక్కడా కనబడదు.

దేహం కోసం ఎదురుచూపు

ఇప్పుడు మన రోజుల్లోకి వద్దాం. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కరీంనగర్ ఊళ్ల నుంచి మన పిల్లలు దుబాయి, సౌదీ, కువైట్, ఖతర్ పోతున్నారు. అప్పు చేసి పోతారు, అప్పు తీరేదాకా రారు. కొందరు పెట్టెలో వస్తారు. గుండె ఆగిందనో, పని చోట పడిపోయాడనో ఒక ఫోను వస్తుంది. కాగితాలు, కంపెనీ అనుమతి, ఎంబసీ, విమానం, ఇవన్నీ తెమిలేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అంతదాకా ఆ తల్లి, ఆ భార్య పొయ్యి వెలిగించరు. శంషాబాద్ నుంచి అంబులెన్సు వచ్చే రాత్రి ఊరంతా మేలుకునే ఉంటుంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. అది అవసరమైన సాయం. కానీ ఆ ఇల్లు డబ్బు కంటే ముందు అడిగేది మనిషినే. ఒక్కసారి ముఖం చూపించండి అని అడుగుతుంది.

ఆ తల్లి దగ్గరికి వెళ్లి, ఆత్మ పరలోకంలో ఉంది, ఈ దేహం వట్టి మట్టి అని చెప్పకండి. ఆ దేహం కోసం ఆమె ఎదురుచూడటం అవిశ్వాసం కాదు. యేసు దేహం కోసం సుగంధ ద్రవ్యాలు పట్టుకుని చీకటితో బయలుదేరిన స్త్రీలు చేసింది అదే పని. దేహాన్ని దేవుడు లేపుతాడని నమ్మే సంఘానికి, ఆ దేహం ఇంటికి చేరేదాకా ఆమెతో పాటు ఆఫీసుల చుట్టూ తిరగడం ఆరాధనలో భాగం.

దేహం బయటికి రావడమే కష్టమయ్యే చావులూ ఉన్నాయి. సింగరేణి గనుల ప్రాంతం వాళ్లకు ఇది బాగా తెలుసు. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. సమాధులనే పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్లవాళ్లు ఇళ్లకు, పొలాలకు నష్టపరిహారం తీసుకున్నారు. తాతముత్తాతలను పాతిన బొందలగడ్డకు ఏ లెక్కలో పరిహారం ఇస్తారు? శ్రీరామ్‌సాగర్, ఎల్లంపల్లి, మిడ్ మానేరు నీళ్ల కింద ఇళ్లూ గుళ్లతో పాటు సమాధులు కూడా ఉన్నాయి. ఓపెన్‌కాస్టు గనులు తవ్విన చోట మట్టి కుప్పలే మిగిలాయి. ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల తోటకు వెళ్తుంటే, ఎక్కడికి వెళ్లాలో తెలియని కుటుంబాలున్నాయి. ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో సముద్రం తనలోని మృతులను అప్పగిస్తుందని యోహాను చూశాడు. ఆ దర్శనం ఈ కుటుంబాల కోసమే రాసినట్టుంటుంది. నీళ్లు మింగినా, గని మింగినా, దేవుడికి అప్పజెప్పక తప్పదు. సమాధి ఎక్కడో తెలియకపోవడం మనకు నష్టం. దేవుడికి అది అడ్డు కాదు.

ఏడవనివ్వండి

మన ఆదరణ కూడికల్లో ఒక అలవాటు పెరిగింది. శవం లేవకముందే, ఏడవకండి, విశ్వాసులు ఏడవకూడదు అంటారు. పౌలు థెస్సలొనీకయులకు అలా రాయలేదు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దన్నాడు. దుఃఖమే వద్దనలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. చావును శత్రువుగా చూసేవాళ్లే దాని ముందు ఏడుస్తారు. చావు ఏమీ కాదని చెప్పేవాళ్లకు పునరుత్థానం కూడా ఏమీ కాకుండా పోతుంది. మన తల్లులు శవం పక్కన కూర్చుని పోయినవాళ్ల గుణాలు, కష్టాలు, వాళ్లు తిన్న ముద్ద, కట్టిన బట్ట చెప్పి చెప్పి ఏడుస్తారు. ఆ ఏడుపును ఆపకండి. అందులో ఒక మనిషి జీవితచరిత్ర ఉంది. ఏడ్చాక పాట పాడండి. తొందరేమీ లేదు. మన కీర్తనల పుస్తకంలో పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు రాసిన పాటలు నూట యాభై ఏళ్లకు పైగా ఆ గడియ కోసం కాచుకుని ఉన్నాయి.

ఖర్చు గురించి కూడా ఒక మాట. అప్పు చేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ఊరందరికీ మాంసం భోజనం పెట్టి, ఆ అప్పు తీర్చడానికి కొడుకు మళ్లీ గల్ఫ్‌కు పోవడం మనం చూస్తున్నాం. చనిపోయినవాళ్ల గౌరవం భోజనాల్లో లేదు. వాళ్ల పిల్లల చదువు ఆగకుండా చూడటంలో ఉంది.

ఆదివారం తర్వాత

కొరింథీ మొదటి పత్రిక 15వ అధ్యాయాన్ని పౌలు ఎలా ముగించాడో మనం తరచుగా మరిచిపోతాం. చావును దేవుడు జయించాడని గొంతెత్తి చెప్పి, వెంటనే, కాబట్టి మీ పని మీద గట్టిగా నిలబడండి, మీ ప్రయాస వ్యర్థం కాదన్నాడు. ఆ తర్వాత 16వ అధ్యాయం మొదటి మాట యెరూషలేములోని పేదల కోసం చందా. ఆదివారం ఆదివారం ఎవరి శక్తి కొద్దీ వాళ్లు తీసి పెట్టమన్నాడు. పునరుత్థానం నుంచి చందాకు వెళ్లడానికి ఆయనకు ఒక్క ఊపిరి చాలింది. మన తల్లులకు ఇది చదవకముందే తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవాళ్లు. తమకే చాలని బియ్యంలో నుంచి తీసిన పిడికెడు అది. ఆ పిడికెడు బియ్యంతోనే ఉపదేశులు బతికారు, గుళ్లు నిలిచాయి. రేపు ఉందని నమ్మనివాళ్లు ఇవాళ్టి గింజను వేరే కుండలో వేయలేరు.

నిరీక్షణ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమని విమర్శించేవాళ్లున్నారు. ఆ విమర్శకు జవాబిచ్చినవాళ్లలో యూర్గెన్ మోల్ట్‌మన్ అనే జర్మన్ వేదాంతి ఒకరు. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు 1943లో హాంబుర్గ్ మీద పడిన బాంబులకు పక్కనే ఉన్న స్నేహితుడు చనిపోయాడు. తర్వాత యుద్ధ ఖైదీగా 1948 దాకా ఉండి, ఆ శిబిరాల్లో బైబిలు చదివి విశ్వాసి అయ్యాడు. 1964లో రాసిన నిరీక్షణ వేదాంత గ్రంథంలో, దేవుడి వాగ్దానాన్ని నమ్మినవాడు ఉన్న లోకంతో రాజీ పడలేడని వాదించాడు. ఉన్నదానితో సర్దుకుపొమ్మని చెప్పేది నిరాశ, ఇది మారుతుందని నిలబెట్టేది నిరీక్షణ.

ఇది మనకు నేరుగా తగిలే మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం బాప్తిస్మం తీసుకున్న దళితుడు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉండడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ అడ్డు తీసేశారు. మనవాళ్లు ఇప్పటికీ 1 శాతం కోటా ఉన్న బీసీ-సీలోనే ఉన్నారు. వాడ మారలేదు, పని మారలేదు, అవమానం మారలేదు, కాగితం మాత్రం మారింది. దీన్ని మార్చమని శాంతంగా, చట్టబద్ధంగా, అలసిపోకుండా అడగడం పునరుత్థాన విశ్వాసానికి విరుద్ధం కాదు. రాయి దొర్లిందని నమ్మినవాళ్లు ఇంకో రాయి దొర్లదని ఎందుకనుకోవాలి?

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇంటిని మనం అడగాలి. కొన్ని ఊళ్లలో మాల క్రైస్తవులకొక గుడి, మాదిగ క్రైస్తవులకొక గుడి ఉన్నాయి. బొందలగడ్డలో కూడా గీతలున్నాయి. ఈ సంఘంవాడు కాదు, ఆ సంఘంవాడని శవాన్ని వాకిట్లో ఉంచి పంచాయతీలు పెడుతున్నాం. చివరి బూర మోగినప్పుడు దేవుడు వరుసలు చూసి లేపుతాడా? ఆ గీతలు ఉన్నంతకాలం మనం విశ్వాస ప్రమాణంలో శరీర పునరుత్థానం అని చెప్పే మాటకు అర్థం లేదు. మొదటి కబురు స్త్రీల నోట పంపిన దేవుడి సంఘంలో, స్త్రీలు వంటకూ పాటకూ మాత్రమే పనికొస్తారన్న తీరు కూడా పోవాలి. 2013లో నంద్యాల డయోసిస్‌లో ఎగ్గోని పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘపు మొదటి మహిళా బిషప్ అయ్యారు. మన పల్లె గుడుల్లో ప్రసంగ పీఠం ఎక్కే స్త్రీలు ఇంకా ఎంతమంది?

ఉపన్యాసం విని ఇంటికి వెళ్లిపోతే ఈ పెద్దల ఋణం తీరదు. అందుకే ప్రతి సంఘాన్నీ మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, మీ ఊరి మొదటి ఉపదేశి ఎవరు, మొదటి బైబిల్ స్త్రీ ఎవరు, ఎక్కడ పాతిపెట్టారు, ఈ వివరాలను బతికున్న పెద్దలను అడిగి ఈ ఏడాదే రిజిస్టరులో రాయండి. ఎనభై దాటిన వాళ్లతో పాటు ఆ పేర్లు కూడా వెళ్లిపోతున్నాయి. రెండు, సమాధుల తోటలో కులం గీతలు, సంఘాల గీతలు ఉంటే వచ్చే ఈస్టరు లోపు పెద్దలంతా కూర్చుని చెరిపేయండి. మూడు, గల్ఫ్‌లో, గనిలో, అప్పుల్లో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి, క్రైస్తవులైనా కాకపోయినా, ఏడాది పాటు తోడుగా ఉండే ఇద్దరిని సంఘం తరఫున నియమించండి. కాగితాలు రాసిపెట్టాలి, పిల్లల ఫీజులు చూడాలి, పండగ పూట ఆ ఇంటి గడప తొక్కాలి. ఈ మూడూ చేసిన సంఘానికి పునరుత్థానం గురించి వేరే ప్రసంగం అవసరం లేదు. ఇవి చేయని సంఘం ఈస్టరు ఆరాధన ఎంత ఘనంగా జరిపినా, పొరుగువాడు దాని మాట నమ్మడు. ఈ వారమే మొదలుపెట్టండి.